పాత రూపంలో కొత్త కెమెరా: ముందే బుక్ చేయాలా, ఆగాలా?

పైన ఇత్తడి డయళ్లు, చుట్టూ తోలులాంటి నల్ల పట్టీ, వెండి రంగు టాప్ ప్లేటు. లోపల మాత్రం మనిషి కంటిని గుర్తుపట్టి ఫోకస్ చేసే సరికొత్త మిర్రర్‌లెస్ (అద్దం లేని డిజిటల్ కెమెరా). ఇలాంటి కెమెరా ఒకటి రాబోతోందని ప్రకటన రాగానే షాపుల నుంచి వాట్సాప్‌లో ప్రీ ఆర్డర్ పోస్టరు వస్తుంది. ‘స్టాకు తక్కువ, ముందు కట్టినవాళ్లకే’ అని కింద ఒక లైను ఉంటుంది. అది చదివాక నెల్లూరులో పెళ్లిళ్లు తీసేవాళ్లకైనా, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం మైపాడు వెళ్లి నాలుగు ఫొటోలు తీసుకునేవాళ్లకైనా టెన్షన్ ఒకటే. ఇప్పుడు కట్టేయాలా, ఆగాలా?

అడ్వాన్సు కడితే మీకు దొరికేది వరుసలో ముందు చోటు, అంతే. మొదటి రోజు మొదటి ఆట టికెట్టుకు ఎంత ఎక్కువ పెట్టినా తెర మీద పడే బొమ్మ అదే. వారం తర్వాత ఖాళీ సీట్లలో కాళ్లు చాపుకుని చూసినవాడికీ అదే బొమ్మ. ‘ఈ కెమెరా మంచిదా’ అనేది ఒక ప్రశ్న, ‘నాకు అందరికన్నా ముందు కావాలా’ అనేది వేరే ప్రశ్న. పోస్టరు ఆ రెంటినీ కలిపేస్తుంది. మీరు విడదీసి చూసుకోవాలి.

1. నిజంగా కొరత వస్తుందా అని చూడండి

‘స్టాకు తక్కువ’ అనే మాట ప్రతి కెమెరాకూ అంటారు. నిజమయ్యేది కొన్నిటికే. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 ఫైవ్ 2020లో వచ్చింది. రెండేళ్ల తర్వాత సోషల్ మీడియాలో కుర్రకారు దాని వెంట పడేసరికి ఎక్కడా దొరక్కుండా పోయి, సెకండ్ హ్యాండ్ ధర కొత్తదాని ధరను దాటింది. 2024 ఫిబ్రవరిలో దాని తర్వాతి మోడల్ ఎక్స్100 సిక్స్ వస్తే ప్రపంచమంతా నెలల తరబడి వెయిటింగు. అలాంటి కెమెరాకైతే ముందు కట్టడంలో అర్థం ఉంది.

కానీ అది లెన్సు ఊడదీయడానికి వీల్లేని, కోటు జేబులో పట్టే ప్రత్యేకమైన రకం. దానికి పోటీ దాదాపు లేదు. లెన్సులు మార్చుకునే రెట్రో (పాత రూపం) కెమెరాల సంగతి వేరు. నికాన్ జెడ్‌ఎఫ్ 2023 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు ఎంత హడావుడి జరిగినా, తర్వాత షాపుల్లో మామూలుగా దొరికింది. మీరు చూస్తున్న మోడల్ ఏ రకమో ముందు తేల్చుకోండి. ఒకే కంపెనీ, ఒకే రకం, సాటి లేనిదైతే కొరత రావచ్చు. అదే సెన్సరు, అదే ప్రాసెసర్ ఉన్న మామూలు రూపం కెమెరా ఆ కంపెనీ దగ్గరే ఇంకోటి ఉంటే, కంగారు పడాల్సిన పని తక్కువ.

2. రూపం కోసం ఏం వదిలేశారో చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కంపెనీ ప్రకటనలో ఉన్న గుణాలన్నీ నిజమే అయి ఉంటాయి. లేనివాటి గురించి ప్రకటన మాట్లాడదు. స్పెసిఫికేషన్ల పట్టిక డౌన్‌లోడ్ చేసుకుని, ఇప్పుడు మీ చేతిలో ఉన్న కెమెరా పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసా పోల్చండి.

మెమరీ కార్డులతో మొదలుపెట్టండి. పెళ్లిళ్లు తీసేవాళ్లకు రెండు స్లాట్లు లేకపోతే కష్టం. ఒక కార్డు పాడైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా. జెడ్‌ఎఫ్‌లో స్లాట్లు రెండు ఉన్నాయి గానీ ఒకటి ఎస్‌డీ, ఇంకోటి మైక్రో ఎస్‌డీ. ఆ రెండోది వేగం తక్కువ రకం. పైగా రెండూ బ్యాటరీ మూత కిందే ఉంటాయి, కాబట్టి అడుగున ట్రైపాడ్ ప్లేటు బిగించి ఉంటే కార్డు మార్చాలన్నప్పుడల్లా అడ్డం వస్తుంది. పట్టికలో ‘డ్యూయల్ స్లాట్’ అన్న ఒక్క మాట చూసి టిక్కు పెట్టేస్తే ఇది కనిపించదు. ఫ్యూజీఫిల్మ్‌లో ఎక్స్-టీ5కు రెండు స్లాట్లు ఉన్నాయి, చూడ్డానికి దాని చిన్న తమ్ముడిలా ఉండే ఎక్స్-టీ50కి ఒకటే.

తర్వాత షట్టరు, ఫ్లాష్. 2024లో పానాసోనిక్ తెచ్చిన ల్యూమిక్స్ ఎస్9ను పూర్తి రెట్రో అనలేం గానీ, కొన్నవాళ్లలో సగం మంది రూపం చూసే కొని ఉంటారు. దానికి మెకానికల్ షట్టరు (తెరలా కదిలే భాగం) లేదు, కన్ను పెట్టి చూసే వ్యూఫైండరు లేదు, పైన ఫ్లాష్ పెడితే వెలగదు. మన కల్యాణ మండపాల్లో వేదిక వెనక సీరియల్ లైట్లూ ఎల్‌ఈడీ గోడలే ఉంటాయి. ఎలక్ట్రానిక్ షట్టరుతో, అంటే సెన్సరు వరుసల వారీగా చదివే పద్ధతిలో తీస్తే వాటి వెలుతురు పెళ్లికూతురు ముఖం మీద అడ్డచారలుగా పడే ప్రమాదం ఉంది. యూట్యూబులో చూపించే శాంపిల్స్ పట్టపగలు ఏ యూరప్ వీధిలోనో తీసినవి. ఈ చారలు వాటిలో కనపడవు.

వీడియో వరుస కూడా వదలొద్దు. 2013లో నికాన్ డీఎఫ్ అని పాత రూపంలో ఒక డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) తెచ్చింది. అందులో అసలు వీడియోనే లేదు. ఇప్పుడు అలా ఎవరూ చేయరనుకోండి, అయినా ఎంతసేపు ఆగకుండా రికార్డవుతుంది, మైకు ఇన్‌పుట్ ఉందా, ఎండలో వేడెక్కితే ఆగిపోతుందా అన్నవి చూడాలి. రోహిణి కార్తెలో ఒంగోలులో మధ్యాహ్నం పూట అప్పగింతలు తీస్తున్నారనుకోండి. మెటల్ బాడీ చేతిలో కాలుతుంటుంది, లోపల సెన్సరు అంతకన్నా వేడిగా ఉంటుంది.

నీళ్లూ దుమ్మూ ఆపే సీలింగ్ గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ తీసినవాళ్లకు తెలుసు, జనం మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటుంటారు. ఫొటో కావాలంటే మీరూ దిగాలి. పక్కవాళ్లు ఒక్క అడుగు వేసినా నీళ్లు మీ మీదికే చిమ్ముతాయి. ఎక్స్-టీ5కి సీలింగ్ ఉంది, ఎక్స్-టీ50కి లేదు. ఎక్స్100 సిక్స్ అయితే ముందు అడాప్టర్ రింగూ ఫిల్టరూ బిగిస్తేనే పూర్తిగా రక్షణ ఉన్నట్టు. ఆ రెండూ పెట్టెలో రావు, విడిగా కొనుక్కోవాలి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఉప్పుగాలి కూడా ఇలాంటిదే. సీలింగ్ లేని కెమెరా కొంటే ఆ ఖర్చులో సిలికా జెల్ పెట్టిన గాలి చొరబడని డబ్బా ఒకటి, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కలిపే లెక్కేసుకోండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తుంటే లెన్సుకు ఫంగస్ భయం ఉండదు.

చివరగా బటన్లు. పాత రూపం చెడకూడదని కొన్ని తీసేస్తారు. జెడ్‌ఎఫ్‌లో ఫోకస్ పాయింటు జరిపే జాయ్‌స్టిక్ లేదు. నికాన్ మామూలు రూపం కెమెరా జెడ్6లో అలవాటైన యూ1, యూ2, యూ3 సెట్టింగులు కూడా లేవు. మండపంలో ఒక సెట్టింగు, భోజనాల దగ్గర ఒక సెట్టింగు దాచిపెట్టుకుని టక్కున మార్చుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయమే. సరదాగా తీసుకునేవాళ్లకు అసలు లెక్కలోకే రాదు.

3. చేతిలో పట్టుకోకుండా డబ్బు కట్టొద్దు

కొత్త మోడల్ ఇంకా రాలేదు కదా, ఎలా పట్టుకుంటాం అంటారా? దాని అన్నదమ్ములు వచ్చి ఉంటాయి. రెట్రో కెమెరాల్లో ఒక కంపెనీ డయళ్లు పెట్టే తీరు ఒక మోడల్ నుంచి ఇంకోదానికి పెద్దగా మారదు. నెల్లూరులోనో ఒంగోలులోనో అద్దెకిచ్చేవాళ్ల దగ్గర అడగండి. దొరక్కపోతే నెల్లూరు నుంచి చెన్నై, ఒంగోలు నుంచి విజయవాడ రైల్లో వెళ్లి షాపులో పెట్టిన డెమో పీసు పట్టుకుని చూడొచ్చు. లక్షన్నర, రెండు లక్షలు పెట్టే ముందు ఒక రోజు, ఒక రైలు టికెట్టు పెద్ద ఖర్చేం కాదు.

షాపులో అందరూ చేసేది షట్టరు నాలుగుసార్లు నొక్కి, ఆ చప్పుడుకు మురిసిపోవడం. మీరు వేరేవి చూడండి. మీరు వాడబోయే లెన్సే పెట్టమనండి. కుడిచేత్తో ఒక్కదాంతో పట్టుకుని, చెయ్యి కిందికి వదిలి, ఐదు నిమిషాలు షాపులో అటూ ఇటూ తిరగండి. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరా బాడీ 540 గ్రాములు. దాని రూపంలో వచ్చిన జెడ్‌ఎఫ్ బ్యాటరీ, కార్డుతో కలిపి 710 గ్రాములు. పట్టుకోవడానికి ముందు వైపు ఉబ్బెత్తు గ్రిప్పు మాత్రం దాదాపు లేనట్టే. చిన్న 40 ఎం.ఎం. లెన్సుతో హాయిగానే ఉంటుంది. 24-70 ఎఫ్/2.8 లాంటి బరువైన జూమ్ లెన్సు తగిలిస్తే వేళ్లు లాగుతాయి. అందుకే జెడ్‌ఎఫ్ రాగానే స్మాల్‌రిగ్ లాంటి కంపెనీలు దానికి విడి గ్రిప్పులు అమ్మకానికి పెట్టాయి. గ్రిప్పు బిగించాక ఆ పాత అందం కొంత పోతుంది, అది వేరే సంగతి.

నేలపట్టులో పక్షులు తీసేవాళ్లకు ఇంకో మాట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు, పులికాట్ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ మన ఫొటోగ్రాఫర్లకు అవి ఇప్పటికీ మనవే. గూడబాతుల కోసం అక్కడికి 180-600 ఎం.ఎం. లెన్సు మోసుకెళ్తారు, అదొక్కటే సుమారు 2 కిలోలు. అంత లెన్సుకు గ్రిప్పు లేని బాడీ తగిలించి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడటం శిక్ష. పక్షులే మీ ప్రధాన సరదా అయితే ఇక్కడితో చదవడం ఆపేసి మామూలు గ్రిప్పున్న కెమెరా చూసుకోండి.

డయళ్ల సంగతి. ఎడమవైపు ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి), కుడివైపు షట్టరు స్పీడు, పక్కన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే డయల్). కెమెరా ఆఫ్‌లో ఉన్నా ఏ విలువలో ఉందో పైనుంచి చూస్తే తెలిసిపోతుంది, నిజంగా సుఖమే. కానీ ఎపర్చరు, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు, ఎక్కడ మార్చాలో అడగండి. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌ఎఫ్ లెన్సుల్లో చాలావాటికి అంకెలున్న ఎపర్చరు రింగు ఉంటుంది. నికాన్ పాత రూపంలో తెచ్చిన 40 ఎం.ఎం. ఎఫ్/2 ఎస్‌ఈ లెన్సు చూడ్డానికి పాతకాలం లెన్సులానే ఉంటుంది, దాని మీద అంకెల రింగు లేదు. ఎపర్చరు ఎంతో జెడ్‌ఎఫ్ పైన అగ్గిపుల్ల తలకాయంత చిన్న కిటికీలో చూసుకోవాలి. పాత కెమెరా అనుభవం కోసమే డబ్బు పెడుతున్నప్పుడు మూడింట ఒక భాగం లేకపోవడం కొందరికి చిరాకు, కొందరికి పట్టదు. మీరు ఏ రకమో చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది.

మా వీధిలో చాలా ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న బాబాయ్ ఒకాయన ఉన్నాడు. ఫిల్మ్ కాలంలో యాషికాతో మొదలుపెట్టిన మనిషి. డయళ్ల కెమెరా చూపించి పెళ్లిళ్లకు పనికొస్తుందా అని అడిగితే, “జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నువ్వు చక్రాలు తిప్పుకుంటా కూచుంటే, అయ్యగారు నీకోసం ఆగడబ్బయ్యా” అన్నాడు. జెడ్‌ఎఫ్‌లో ఐఎస్ఓ డయల్‌ను ‘సీ’ మీద, షట్టరు డయల్‌ను మూడో వంతు స్టెప్పు గుర్తు మీద పెట్టుకుంటే మామూలు కెమెరాలాగే వేలితో, బొటనవేలితో అన్నీ మార్చుకోవచ్చని చెప్పాను. “మరి అట్టయితే పైన చక్రాలెందుకు?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. పెళ్లిళ్లకే కొనేవాళ్లు ఆ ప్రశ్న తమను తాము వేసుకోవాలి.

వీధి ఫొటోలు తీసేవాళ్ల విషయంలో మాత్రం నా ఓటు రెట్రోకే. పెద్ద నల్ల కెమెరా, పొడుగాటి లెన్సుతో రేవులోకి వెళ్తే “ఏ పేపరు సార్?” అని అడుగుతారు. ఆ తర్వాత అందరూ నిటారుగా నిలబడిపోతారు. చిన్న వెండి కెమెరాతో వెళ్తే “రీలు కెమెరానా? ఇంకా దొరుకుతున్నాయా?” అని నవ్వి, వల సర్దుకునే పనిలో పడతారు. పెళ్లిళ్లలో ఇది తిరగబడుతుంది లెండి. “ఇంత డబ్బు తీసుకుని ఇంత చిన్న కెమెరాతో వచ్చాడేంటి” అనే పెళ్లికొడుకు మేనమామ ఒకాయన ప్రతి పెళ్లిలోనూ ఉంటాడు.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇప్పుడున్న కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఆటో ఐఎస్ఓ తీసేసి, ఒకే ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు బిగించి ఒక వారం అలాగే వాడండి. రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డున సాయంత్రం వెలుతురు నిమిష నిమిషానికీ మారుతుంటే విలువలు మార్చుకుంటూ తీయండి. ఆ పని ఆనందంగా ఉంటే డయళ్ల కెమెరా మీకు నచ్చుతుంది. మూడో రోజుకే ఆటోలోకి వెళ్లిపోయారంటే మీకు కావాల్సింది కెమెరా రూపం ఒక్కటే. అదీ తప్పేం కాదు. కాకపోతే ప్రీ ఆర్డర్ కట్టేంత తొందర దానికి అక్కర్లేదు.

4. ఇంట్లో ఉన్న లెన్సులు, కంప్యూటరు దాన్ని ఒప్పుకుంటాయా

మన స్టూడియోల్లో చాలామంది దగ్గర నికాన్ పాత 50 ఎం.ఎం. ఎఫ్/1.8డీ, 85 ఎం.ఎం. ఎఫ్/1.8డీ లెన్సులు ఉంటాయి. ఎఫ్‌టీజెడ్ అడాప్టరు పెడితే ఇవి కొత్త బాడీకి బిగుస్తాయి గానీ ఆటోఫోకస్ పనిచేయదు. వీటిని తిప్పే మోటారు పాత బాడీల్లో ఉండేది, అడాప్టరులో లేదు. ఏఎఫ్-ఎస్ రకం అయితే ఫర్వాలేదు, మోటారు లెన్సులోనే ఉంటుంది. లెన్సుల మీద ఉన్న అక్షరాలు చూసి జాబితా రాసుకోండి. అడాప్టరు ధర కూడా లెక్కలో వేయండి.

కంప్యూటరు సంగతి చాలామంది కెమెరా వచ్చాక గానీ చూడరు. కొత్త కెమెరా రా ఫైళ్లను (సెన్సరు ఇచ్చినదాన్ని అలాగే దాచే ఫైళ్లు) పాత లైట్‌రూమ్, పాత ఫొటోషాప్ తెరవవు. అడోబీ కొత్త మోడల్‌ను చేర్చిన అప్‌డేట్ వచ్చాక, ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టరుతో మార్చుకుని తెరవొచ్చు, అది అదనపు పని. నికాన్‌కు ఎన్‌ఎక్స్ స్టూడియో, ఫ్యూజీఫిల్మ్‌కు ఎక్స్ రా స్టూడియో ఉచితంగా దొరుకుతాయి. మీ ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడు ఏ వెర్షన్ వాడుతున్నాడో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి. 24 మెగాపిక్సెల్ నుంచి 40కి వెళ్తుంటే హార్డ్ డిస్కులు కూడా పెరుగుతాయి. కరిజ్మా ఆల్బమ్ షీటు మీద ఆ తేడా కనిపెట్టిన కస్టమరును నేనింతవరకూ చూడలేదు.

5. కాగితం మీద మొత్తం డబ్బు రాయండి

పోస్టరు మీద పెద్ద అంకెల్లో ఉండేది బాడీ ధర. దాని కింద మీరు రాయాల్సినవి: లెన్సు, వేగమైన కార్డు, ఇంకో బ్యాటరీ, గ్రిప్పు, కావాలంటే అడాప్టరు, బీమా. మొత్తం వేశాక అంకె ఎంత పెరిగిందో చూసి, అప్పుడు ఇంట్లో చెప్పండి.

జెడ్‌ఎఫ్ మన దేశంలో 1,76,995 రూపాయల బాడీ ధరతో వచ్చింది. కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం. 2019 జనవరికి ముందు 28 ఉండేది. అంటే ఆ ధరలో సుమారు 27,000 పన్నే. మీ స్టూడియోకు రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, మీ నంబరుతో బిల్లు తీసుకుంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే రాదు. బిల్లు పడ్డాక పేరు మార్చమంటే షాపువాళ్లు ఇబ్బంది పడతారు, అందుకే అడ్వాన్సు కట్టేటప్పుడే ఏ పేరు మీద, ఏ నంబరుతో బిల్లు కావాలో చెప్పేయండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే ఖర్చు లేనిదని అనుకోవద్దు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, షాపు అంత మొత్తాన్ని డిస్కౌంటుగా ముందే తగ్గిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. వడ్డీ 12,000 అయితే జీఎస్టీ 2,160. “మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తావన్నా?” అని అడిగి, ఆ అంకెతో ఈఎంఐ మొత్తాన్ని పోల్చండి. చాలాసార్లు తేడా అక్కడే బయటపడుతుంది.

ప్రీ ఆర్డర్ కట్టినవాళ్లకు ఫ్రీ అంటూ బ్యాగు, కార్డు, ఒక్కోసారి బ్యాటరీ ఇస్తారు. అవి లేకపోయినా మీరు కొనేవైతేనే వాటి ధర లాభంలో రాసుకోండి. ఇంట్లో ఇప్పటికే మూడు బ్యాగులుంటే నాలుగో బ్యాగు విలువ సున్నా. లెన్సు మీద తగ్గింపు ఇస్తుంటే మాత్రం జాగ్రత్తగా చూడండి, ప్రీ ఆర్డర్‌లో నిజంగా విలువైనది ఎక్కువగా అదే.

రెండో వైపు కూడా రాయండి. దసరా, దీపావళికి కంపెనీలు ఆఫర్లు పెడుతుంటాయి. రెట్రో కెమెరాలు ఇంకో రకంగా కూడా దొరుకుతాయి. అందం చూసి కొన్నవాళ్లలో కొందరు కొన్ని నెలలకే వాడకుండా పక్కన పెట్టేస్తారు, తర్వాత అమ్మకానికి పెడతారు. బిల్లు, వారంటీ ఉన్న అలాంటి పీసు దొరికితే ప్రీ ఆర్డర్ కన్నా నేను దానికే మొగ్గుతాను.

6. షాపువాళ్లతో మాట్లాడేటప్పుడు

ట్రంకు రోడ్డులో మీకు బాగా తెలిసిన షాపే అయినా నోటిమాటకు డబ్బు కట్టొద్దు. అడగాల్సినవి ఇవి: ఆర్డరు రద్దు చేసుకుంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి వస్తుందా, ఎన్ని రోజుల్లో? చెప్పిన తేదీకి రాకపోతే? డెలివరీ లోపు ధర తగ్గితే తగ్గిన ధరకే ఇస్తారా, పెరిగితే పాత ధరకే ఇస్తారా? నేనడిగిన రంగే వస్తుందా? వెండి రంగు కావాలని కడితే నల్లది వచ్చిందని ఫోన్ చేస్తారు, అప్పుడు కాదంటే మళ్లీ వరుస చివరికి పంపిస్తారు.

ఆన్సర్లు విన్నాక, “అన్నా, ఇవే వాట్సాప్‌లో ఒక మెసేజీ పెట్టేయ్, మర్చిపోకుండా ఉంటది” అనండి. గొడవలా ఉండదు, రాతపూర్వకంగా మాత్రం ఉంటుంది. పెట్టడానికి నసిగితే మీకు కావాల్సిన సమాధానం దొరికినట్టే. అడ్వాన్సుకు రశీదు తీసుకోండి, అందులో మోడలు, రంగు, కిట్టా లేక బాడీ ఒక్కటేనా అన్నది రాయించండి. డబ్బు యూపీఐలోనో కార్డులోనో కట్టండి.

ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. ‘వ్యాపారానికి కొన్నది కదా’ అని ఎవరైనా అంటే, సొంతంగా పనిచేసుకుని బతికేవాళ్లు జీవనోపాధి కోసం కొన్న వస్తువుకు చట్టంలో మినహాయింపు ఉందని గుర్తుంచుకోండి.

అమెరికా నుంచి బావ వస్తున్నాడు, అక్కడ చవక అనేది మన వైపు ప్రతి ఇంట్లో వినిపించేదే. వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని కంపెనీ కస్టమర్ కేరుకు రాసి అడగండి. కస్టమ్స్ పరిమితి దాటితే సుంకం ఆయనే కట్టాలి. బావను ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పెట్టి మిగిలేది ఎంతో చూసుకోండి. చెన్నైలో బిల్లు లేకుండా అమ్మే ఇంపోర్టెడ్ పీసుల జోలికైతే అసలు వెళ్లొద్దు.

7. క్యాలెండరు చూసి తేల్చండి

పెళ్లిళ్ల పని చేసేవాళ్లకు చివరి మాట పంచాంగానిదే. డెలివరీ తేదీ ఆషాఢంలోనో మూఢంలోనో పడుతుంటే ముందు కట్టడం మంచిదే. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో కెమెరా చేతికి అలవాటవుతుంది, శ్రావణం నాటికి డయళ్లు చూడకుండా తిప్పగలుగుతారు. మాఘంలోనో వైశాఖంలోనో వరుస ముహూర్తాల మధ్య వచ్చే కెమెరాను ఆ సీజనుకు నమ్ముకోవద్దు. డెలివరీ వారం ఆలస్యమైతే బుకింగు తీసుకున్న మీ మాట పోతుంది. వచ్చినా, కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) లోపాలు బయటపడేది మొదటి నెలల్లోనే.

నా లెక్కలో ముందు కట్టాల్సింది వీళ్లు: కొరత నిజంగా వచ్చే మోడల్ కావాలనుకున్నవాళ్లు, దాని అన్న కెమెరాను ఇప్పటికే వాడి డయళ్లు నచ్చినవాళ్లు, ఎలాగూ కొనబోయే లెన్సు మీద మంచి తగ్గింపు దొరికినవాళ్లు. అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తామని రాసిచ్చే షాపు దొరికితే, ఇంకా తేల్చుకోలేనివాళ్లు కూడా కట్టి కూర్చోవచ్చు. నష్టం లేదు. మిగిలినవాళ్లు రెండు మూడు నెలలు ఆగండి. అప్పటికి మన పక్క ఊళ్లోనే ఎవరో ఒకరు కొని ఉంటారు, వెళ్లి చూడొచ్చు.

8. పెట్టె వచ్చిన రోజు

కట్టేశారు, కెమెరా వచ్చింది. సీలు తీసేటప్పుడు ఎవరితోనైనా ఫోన్లో వీడియో తీయించండి, మధ్యలో ఆపకుండా. పెట్టె మీద, బాడీ అడుగున, బిల్లు మీద, వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు ఒకటేనా చూడండి. వారంటీ రిజిస్ట్రేషన్ అదే రోజు చేసేయండి. కొన్ని కంపెనీలు రిజిస్టర్ చేస్తేనే రెండో ఏడాది ఇస్తాయి.

తర్వాత డయళ్లన్నీ ఒక్కొక్క గుర్తు దగ్గరా ఆపి, స్క్రీన్ మీద అదే విలువ వస్తోందా చూడండి. తెల్ల గోడను ఎఫ్/16లో తీసి నల్ల చుక్కలున్నాయేమో పెద్దది చేసి చూడండి. లెన్సు మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజరు తీస్తే పాడైన పిక్సెళ్లు రంగు చుక్కల్లా కనిపిస్తాయి. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి రాస్తోందో లేదో, మీ ఫ్లాష్ పైన పెడితే వెలుగుతోందో లేదో చూడండి. రాత్రి పూట ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు కింద నాలుగు షట్టరు స్పీడ్లలో తీసి చారలు పడుతున్నాయేమో గమనించండి. ఏదైనా తేడా కనిపిస్తే ఫొటోలు, వీడియో పెట్టి ఆ రోజే షాపుకు మెసేజీ చేయండి. వెనక్కి తీసుకునే గడువు పెట్టె మీ చేతికి వచ్చిన రోజు నుంచే నడుస్తుంటుంది.